నొప్పి లేదు, గుణం కనిపిస్తోంది

ఆ వీధిలో జలుబు చేసిన ప్రతి మనిషీ ముందు రెండో అంతస్తుకు మెట్లెక్కేవాడు. అక్కడ పని జరగకపోతేనే కిందికి దిగి మందుల షాపు ముందు నిలబడేవాడు. మందులమ్మకు ఒంటికి కారం రాసుకున్నట్టుండే సంగతి ఇదొక్కటే. పైనున్నది పరాయివాడైతే నాలుగు మాటలని చేతులు దులుపుకునేది. ఆయన స్వయానా తన భర్తకు అన్నగారు.

ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఆ భవనం కింద మందుల షాపు నడుపుతోంది. తెల్లకోటు తొడుక్కుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, డాక్టర్ల కోడిగీతలు చదివి, మాత్రల పట్టీ కత్తెరతో కత్తిరించి, కవరు మీద పొద్దున ఒక గీత, సాయంత్రం ఒక గీత గీసి ఇచ్చేది. వీధి వీధంతా ఆవిడను మందులమ్మ అనే పిలిచేది. మొగుడు కూడా సరదా పుట్టినప్పుడు అలాగే పిలిచేవాడు.

బావగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఊళ్లోని పెద్ద పెద్ద భవనాలన్నీ తిరిగి తాళ్లూ బ్రేకులూ తలుపులూ తనిఖీ చేసి, బాగుంటే సంతకం పెట్టేవాడు, లేకపోతే లిఫ్టుకు తాళం వేయించేవాడు. తాడులో ఒక్క పోగు లేచినా ఊరుకునేవాడు కాదు. ఎంతటివాడు వచ్చి బతిమాలినా, "తాడు మార్చండి, అప్పుడు మాట్లాడుకుందాం" అని మొహం తిప్పుకునేవాడు. అటువంటి మనిషి రిటైరైన మూడో నెలలో వైద్యుడై కూర్చున్నాడు.

మొదలైంది వెక్కిళ్లతో. మూడో అంతస్తులో ట్యూషన్లు చెప్పుకునే మాస్టారికి రెండ్రోజులు వరసగా వెక్కిళ్లు. బావగారు ఎక్కడో చదివి, చెంచాడు చక్కెర మీద వెనిగర్ పోసి ఆయన నోట్లో పెట్టాడు. వెక్కిళ్లు ఆగిపోయాయి.

"అవి వాటంతటవే ఆగిపోయే వేళకి ఈయన చెంచా పట్టుకుని ఎదురొచ్చాడు, అంతేగా" అంది మందులమ్మ. ఎవరు వింటారు? మర్నాటికల్లా బావగారు అట్ట బైండు రిజిస్టరు ఒకటి కొని, ఆఫీసులో గీసినట్టే నిలువు గీతలు గీశాడు. తేదీ, మనిషి, బాధ, చేసిన వైద్యం, ఫలితం. దగ్గుకు తేనె, అల్లం రసం. బెణుకుకు క్యాబేజీ ఆకు. తలనొప్పికి బంగాళాదుంప చక్రాలు. గోరుచుట్టుకు నిమ్మకాయ. కడుపుబ్బరానికి మళ్లీ అల్లమే. ఫలితం గడిలో రాసే మాటలు రెండే రెండు: "గుణం కనిపించింది", "గుణం కనిపిస్తోంది". గుణం కనిపించని రోగి ఆ రిజిస్టరులో పుట్టలేదు. తగ్గనివాళ్లు రెండోసారి మెట్లెక్కరు కదా.

అల్లం డాక్టరు అని పేరు పెట్టింది మందులమ్మే. వారం తిరక్కుండా ఆ పేరు వీధి చివరి దాకా పాకింది. బావగారు దాన్ని బిరుదు అనుకున్నాడు.

పేరుతో ఆగలేదు ఆవిడ. మనుషుల్ని అనుకరించటంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. షాపులో నలుగురు పోగైతే చాలు, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, బావగారిలాగా గొంతు సవరించుకుని మొదలుపెట్టేది. "ఏదీ, నాలుక చాపు. ఊఁ. అల్లం తక్కువైంది. నిన్నేం తిన్నావు? అందులో అల్లం ఉందా? లేదు. చూశావా మరి!" అంటూ, లేని రిజిస్టరు తెరిచి లేని కలంతో రాసేది. నవ్వలేక జనం కౌంటరు పట్టుకుని వంగిపోయేవారు. అలా నవ్వినవాళ్లలో సగం మంది ముందురోజు పైకెళ్లి అల్లం రసం తాగొచ్చినవాళ్లే.

ఆవిడ ఎద్దేవాకు ఆధారం లేకపోలేదు. ఫోటో స్టూడియో అతనికి కంటికురుపు లేస్తే బావగారు ఉల్లిపాయ రసం రాయమన్నాడు. పాపం, అతను కన్ను ఎర్రగా ఉబ్బి, గోడలు పట్టుకుని తడుముకుంటూ షాపుకొచ్చాడు. మందులమ్మ కన్ను కడిగి, చుక్కల మందిచ్చి, వాయించి పంపింది.

"కెమెరా అద్దానికి మరకైతే ఉల్లిపాయతో తుడుస్తావా నువ్వు?"

"లేదండీ."

"మరి కంటిని తుడిచావేం? కెమెరా పోతే ఇంకోటి దొరుకుతుందయ్యా!"

అలాగని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే గొంతు నొప్పి తగ్గుతుందనీ, తేనె దగ్గును కాస్త ఆపుతుందనీ ఆవిడకు తెలియక కాదు. తనకు గొంతు పట్టేస్తే స్నానాలగది తలుపేసుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఉప్పునీళ్లు పుక్కిలించేది. పై అంతస్తుకు వినపడితే ఇంకేమైనా ఉందా?

ఈ గొడవలన్నిటికీ నడుమ ఉన్న మనిషి బావగారి భార్య. మందులమ్మకు తోడికోడలు, పిలుపు అక్కయ్య. ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకు గొట్టాలు తగిలించుకుని ఆపరేటరుగా కూర్చున్న మనిషి. నెమ్మదైన గొంతు. ఎవరి మాటకూ అడ్డు రాదు. మందులమ్మ బావగారిని అనుకరిస్తే అక్కయ్య కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆవిడ తన పక్షమేనని మందులమ్మ ధీమా.

ఆ ఏడు ఎండలు మొదలయ్యాక అక్కయ్య కొత్త చెప్పులు కొనుక్కుంది. కుడికాలి చిటికెన వేలి పక్కన బొబ్బ లేచింది. చెప్పుల బొబ్బ ఎవరికి లేవదు? బావగారు తేనె రాసి, క్యాబేజీ ఆకు చుట్టి, గుడ్డ కట్టాడు. రిజిస్టరులో రాశాడు. మూడో రోజున అడిగాడు.

"నొప్పి ఉందా?"

"అబ్బే, ఏం లేదండీ" అంది అక్కయ్య. నిజంగానే లేదు.

"నొప్పి లేదు, గుణం కనిపిస్తోంది" అని రాసుకున్నాడు బావగారు. వారం పోయాక మళ్లీ అదే రాశాడు. ఇంకో వారం పోయాక కూడా.

అప్పటికి కొన్ని నెలలుగా అక్కయ్య చిక్కిపోతోంది. చిక్కితే బాగుందని అందరూ మెచ్చుకుంటున్నారు. ఒకరోజు ఆవిడ షాపు ముందు బల్ల మీద కూర్చుని సీసాడు నీళ్లు గటగటా తాగి, ఇంకో సీసా అడిగింది. మందులమ్మ ఎవరికో దగ్గు మందు కడుతూ, తలెత్తకుండానే, "మీ ఆయన మిరియాలూ అల్లమూ కలిపి పోస్తుంటే దాహం వెయ్యక ఏం చేస్తుంది?" అంది. బల్ల దగ్గరున్నవాళ్లు నవ్వారు. అక్కయ్యా నవ్వింది. మందులమ్మ మోచేతి పక్కనే, గాజు అలమరలో, షుగరు చూసే మీటర్లు వరసగా పేర్చి ఉన్నాయి. దారిన పోయేవాళ్లను పిలిచి మరీ వేలు పొడిచి చూసే మనిషికి, ఆ పూట ఇంటి మనిషి వేలు గుర్తుకు రాలేదు.

తర్వాత వారం ఒక మధ్యాహ్నం షాపు కిటకిటలాడుతోంది. ఎవరో అడిగారని మందులమ్మ బావగారి వేషం కట్టింది. ఆ పూట కొత్తగా పాదాల వైద్యం కల్పించింది. "కాలు చాపు. ఏ కాలైతేనేం, రెండూ నీవేగా! క్యాబేజీ చుట్టాను. వారం చూద్దాం. కాలికి తగ్గకపోతే కూరకైనా పనికొస్తుంది!" నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల వెనక అక్కయ్య వచ్చి నిలబడి ఉంది. ఎంతసేపట్నించో ఎవరూ చూడలేదు.

"రండి అక్కయ్యా, ఏం కావాలి?"

"కాస్త దూదీ, బ్యాండేజి గుడ్డ ఒక చుట్టా ఇస్తావా?"

"ఎవరికి?"

అక్కయ్య చుట్టూ చూసింది. అందరి మొహాల్లోనూ నవ్వు ఇంకా తడి ఆరలేదు. "ఎవరికీ కాదు. కిటికీ అద్దాలు తుడుద్దామని" అంది.

"అయ్యో, అద్దాలకు బ్యాండేజేమిటి! బావగారు చెప్పారా? అద్దాలక్కూడా వైద్యం మొదలుపెట్టారా ఏమిటి కొంపదీసి?"

మళ్లీ నవ్వులు. అక్కయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దూదీ, గుడ్డా తీసుకుని, కమ్మీ పట్టుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది. ఎప్పుడూ గబగబా ఎక్కే మనిషి ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఎక్కుతోందని మందులమ్మ కళ్లు చూశాయి. బుద్ధి చూడలేదు.

నాలుగు రోజుల తర్వాత, భోజనాల వేళకు షాపు మూసి, పైనుంచి నిచ్చెన తెచ్చుకుందామని మందులమ్మ రెండో అంతస్తుకు వెళ్లింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టగానే వాసన గుప్పుమంది. అత్తరు, క్యాబేజీ, ఆ రెంటినీ తోసుకుంటూ వచ్చే మూడోదీ. ఆ మూడో వాసన ఏమిటో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అక్కయ్య కుర్చీలో వాలి ఉంది. మొహం ఎర్రగా కాలిపోతోంది. కుడికాలు ముక్కాలిపీట మీద ఉంది. బావగారు ఎదురుగా కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, కొత్త ఆకు కత్తిరిస్తున్నాడు.

"ఏమిటిది?"

"ఏం లేదమ్మాయ్, చెప్పు కరిచింది. పాతికరోజులైంది. నొప్పి లేదు. కొంచెం జ్వరం, ఎండదెబ్బ. రాత్రి నుంచి ధనియాల..."

మందులమ్మ వినలేదు. కట్టు విప్పింది. చిటికెన వేలు నల్లగా, ఎండిన ఖర్జూరంలా ఉంది. పక్క వేలు నీలంగా తిరుగుతోంది. ఎర్రదనం చీలమండ దాటి పైకి పాకింది. వేలి మీద గోరుతో నొక్కింది. అక్కయ్య కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. తన కాలు కాదన్నట్టు.

ఒక్క పరుగున కిందికి దిగి షట్టరు ఎత్తి మీటరు పట్టుకొచ్చింది. అక్కయ్య వేలు పొడిచి నెత్తురు చుక్క పట్టీ మీద పెట్టింది. మీటరు అంకె చూపించలేదు. అంతకు మించి కొలవటం నా వల్ల కాదన్నట్టు రెండు అక్షరాలు చూపించి ఊరుకుంది.

"షుగరు" అంది మందులమ్మ. "ఎన్నేళ్ల నుంచి ఉందో ఏమో. కాలు మొద్దుబారిపోయింది. అందుకే నొప్పి లేదు. గుణం కనిపించట్లేదు బావగారూ, కాలు చచ్చిపోతోంది!"

బావగారి చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. "నొప్పి లేదని తనే అంది..."

"తనంది, మీరు రాసుకున్నారు! లిఫ్టు తాడు తెగబోతుంటే తేనె రాస్తారా మీరు? ఆకు చుట్టి, వారం చూద్దాం, జనాన్ని ఎక్కించండి అంటారా? అక్కడ ఒక్క పోగు లేస్తే తాళం వేయించారే! ఇనపతాడుకున్న విలువ కట్టుకున్నదాని కాలికి లేదా?"

ఆయన కత్తెరను పీట మీద పెట్టాడు. ఆవిడ మాటలకు ఇంకా పదునుంది. కానీ అక్కయ్య కళ్లు మూసుకుని, "ఇద్దరూ తర్వాత పోట్లాడుకోండి" అంది నీరసంగా. మందులమ్మ భర్తకు ఫోను చేసింది. అన్నదమ్ములిద్దరూ కుర్చీతో సహా అక్కయ్యను మెట్లు దింపి, టాక్సీలో పడుకోబెట్టారు.

ఆసుపత్రిలో సర్జను చిన్న వయసామె. చేతి గడియారం కన్నా వేగంగా మాట్లాడే రకం. కాలు చూసి, కాగితాలు చూసి, రెండు వేళ్లు తీసెయ్యాలంది. త్వరగా ఒప్పుకుంటే రెండే, ఆలోచిస్తూ కూర్చుంటే ఎన్నో చెప్పలేనంది. బావగారు సంతకం పెట్టాడు. జీవితమంతా సంతకాలు పెట్టిన చెయ్యి ఆ ఒక్కచోట గీత దాటిపోయింది.

సర్జను చూపు మందులమ్మ మీద పడింది. తొందరలో తెల్లకోటు విప్పకుండానే వచ్చేసింది. జేబు మీద షాపు పేరు కుట్టి ఉంది.

"మీరు ఫార్మసిస్టా?"

"అవును."

"ఈవిడ మీకేమవుతారు?"

"తోడికోడలు. పై అంతస్తులోనే ఉంటారు."

సర్జను కనుబొమ్మలు కొద్దిగా ఎత్తి, దించి, లోపలికి వెళ్లిపోయింది. ఇరవై రెండేళ్లుగా మందులమ్మ జనం మీద ప్రయోగించిన చూపు అది. తన మీదికి రావటం ఇదే మొదలు. మింగుడుపడలేదు.

ఆపరేషన్ అయిన మూడో రోజుకు అక్కయ్య తేరుకుంది. దిండుకు ఆనుకుని కూర్చుంది. బావగారు మందుల కోసం కిందికి వెళ్లాడు. మందులమ్మ మంచం పక్కన కూర్చుని, మూడు రోజులుగా నాలుక చివర నలుగుతున్న ప్రశ్న అడిగేసింది.

"అక్కయ్యా, ఆయన సంగతి సరే. ఆయన్ని అనీ అనీ నాకే విసుగొచ్చింది. మీరు నాతో ఒక్క మాట చెప్పలేకపోయారా? మెట్లు దిగితే షాపు కదా!"

"దిగాను" అంది అక్కయ్య.

"ఎప్పుడు?"

"దూదికి వచ్చాను చూడు, ఆ రోజు. నీకు కాలు చూపిద్దామనే వచ్చాను. నువ్వు పాదాల వైద్యం ఆడిస్తున్నావు."

మందులమ్మ మంచం అంచు పట్టుకుంది.

"చెబితే నువ్వేం చేసేదానివో నాకు తెలీదా?" అంది అక్కయ్య, టెలిఫోనులో నంబరు చెప్పినంత నెమ్మదిగా. "నా కాలు చూసేదానివి, కాదనను. కానీ ముందు అక్కడున్న పదిమందికీ చెప్పేదానివి. అల్లం డాక్టరు ఇంట్లోనే ఇలా జరిగిందట అని. సాయంత్రానికి వీధంతా ఆడేది. ఆయన పిచ్చి నాకు తెలీదనుకున్నావా? పొద్దున లేస్తే ఆ క్యాబేజీ కంపు నేను భరించాను, నువ్వు కాదు. కానీ నలుగురి మధ్యా ఆయన పరువు తీసే పని నా కాలితో చేయించదలుచుకోలేదు."

"అక్కయ్యా, నేను సరదాకి..."

"ముప్ఫై ఏళ్లు ఎక్స్ఛేంజిలో కూర్చున్నాను. సరదా గొంతు వేరు, వెటకారం గొంతు వేరు. నాకు చెప్పకు." దిండు మీద కాస్త పైకి జరిగింది. "అసలు మీ ఇద్దరికీ నా కాలు పట్టలేదే. ఆయనకు తన మాట నెగ్గాలి. నీకు నీ మాట నెగ్గాలి. ఆయన రిజిస్టరు చూశాడు, నువ్వు జనం నవ్వారో లేదో చూశావు. మధ్యలో కాలు నాది."

మందులమ్మ దుప్పటి అంచు సర్దింది. సర్దిన అంచునే మళ్లీ సర్దింది. అక్కయ్య మొహం అటు తిప్పుకుని నీళ్లు కావాలంది. మందులమ్మ గ్లాసు పట్టుకుంది. ఎంత తాగిందో కాగితం మీద రాసి పెట్టింది.

మనుషులు పూర్తిగా మారిపోతారంటే నమ్మేవాళ్లు నమ్ముకోవచ్చు. అక్కయ్య ఇంటికొచ్చిన ఐదో రోజునే బావగారు మెట్ల దగ్గర ట్యూషన్ మాస్టారితో, "తేనె కట్టు ఉండబట్టి కానీ, లేకపోతే విషం మోకాలి దాకా ఎక్కేదేనండీ. అంతవరకూ ఆపింది తేనే" అంటున్నాడు. షట్టరు ఎత్తుతున్న మందులమ్మ చెవిన పడింది. ఒళ్లు భగ్గుమంది. పక్కనే ఇద్దరు మందుల కోసం నిలబడి ఉన్నారు. నోటి దాకా వచ్చిన మాట మహా పసందైనది. అది విసిరితే వారం పాటు వీధి నవ్వేది.

షట్టరు తాళంచెవి పిడికిట్లో నలిగింది. "బావగారూ, ఒక్కసారి లోపలికి వస్తారా?" అంది.

మందుల పెట్టెల వెనక, వినేవాళ్లు లేని చోట, స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పింది. గొంతు పెంచకుండా చెప్పటం ఎంత కష్టమో ఆవిడకు ఆ రోజే తెలిసింది. "ఆ మాట ఇంకోసారి అనకండి. మాస్టారి భార్యకూ షుగరే. మీ మాట నమ్మి ఆవిడ కాలికి తేనె రాస్తే, ఆ పాపం మీది. ఆపింది తేనె కాదు. ఏదీ ఆపలేదు. పాతికరోజులు పెరిగింది."

బావగారు నేల చూశాడు. "నాకు తెలుసమ్మాయ్" అన్నాడు. "రాత్రులు నిద్ర పట్టట్లేదు. అలా అనుకుంటే కాస్త పడుతుంది. అందుకని అన్నాను."

ఆ ఒక్క క్షణం ఆయన మీద జాలి వేసింది. ఎక్కువసేపు నిలవలేదు.

ఆవిడ ఆయనకు కట్టు మార్చటం, వేలు పొడిచి షుగరు చూడటం, ఇన్సులిన్ ఇవ్వటం నేర్పింది. పట్టుకున్నాడంటే ఉడుంపట్టు. చేతులు మూడుసార్లు కడుగుతాడు. సూది మందు గీతకు వెంట్రుకవాసి తేడా రానివ్వడు. ఇన్సులిన్ ఎంత చల్లదనంలో ఉండాలో కనుక్కుని, ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టాడు. అక్కడితో ఊరుకుంటే బావగారెందుకవుతాడు? నెల తిరిగేసరికి దారిన పోయేవాళ్లందరినీ ఆపి, పాదాలు చూపించమనీ, షుగరు చూపించుకోమనీ ప్రాణం తియ్యటం మొదలుపెట్టాడు. ఫోటో స్టూడియో అతను ఆయన్ని చూస్తే అవతలి పక్కకు దాటిపోతున్నాడు. మొన్న అల్లం, ఇవాళ ఇన్సులిన్. గొంతు మాత్రం అదే. మందులమ్మ పళ్లు నూరుకుంటుంది. అయినా ఆయన పోరు పడలేక షాపుకొచ్చి వేలు పొడిపించుకున్నవాళ్లలో ముగ్గురికి షుగరు బయటపడింది. ఒకరు మాస్టారి తమ్ముడు. ఆ సంగతి బావగారికి చెప్పటానికి ఆవిడకు ప్రాణం ఒప్పలేదు. అక్కయ్యకు చెప్పింది. ఎలాగూ చేరుతుంది.

కట్లు పూర్తిగా విప్పాక, మెత్తటి అడుగున్న పెద్ద బూట్లు కుట్టించి అక్కయ్యకు తొడిగారు. మొదటిసారి వీధి మలుపు దాకా నడుస్తానంది. బావగారు కుడిపక్క, మందులమ్మ ఎడమపక్క.

"అడుగు నెమ్మదిగా వెయ్యి. మడమ ముందు ఆనించు" అన్నాడు బావగారు.

"మడమ కాదు బావగారూ, పాదం మొత్తం ఒకేసారి ఆనాలి. కాగితంలో రాసిచ్చారు."

"కాగితం నేనూ చదివానమ్మా. మడమే."

"ఏదీ, ఆ కాగితం చూపించండి!"

అక్కయ్య ఆగింది. ఇద్దరి చేతులూ విదిలించుకుంది.

"మీరిద్దరూ ఆ కాగితం తేల్చుకుని రండి. నేను నడుస్తుంటాను" అని, పెద్ద బూట్లు ధపధపలాడించుకుంటూ మలుపు వైపు సాగింది.

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, నోళ్లు మూసుకుని ఆవిడ వెనకే నడిచారు.